వెయ్యి అబద్ధాలు, ఒక సంబంధం

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. ఈ సామెతను మన ఇళ్ళలో ఎవరూ పాపంగా ఎంచరు. అబ్బాయి జీతం కాస్త ఎక్కువ చేసి చెబుతాం. అమ్మాయి వయసు ఒక ఏడాది తగ్గిస్తాం. అడిగినవారితో "సంబంధం కుదరాలి కదా!" అని నవ్వేస్తాం. నేనూ అలా నవ్వినవాడినే. కాని ఈ మధ్య ఒక ఆదివారం పూజ అయ్యాక గుడి ఆవరణలో ఒక అమ్మాయి నన్ను నిలబెట్టి ఒక ప్రశ్న అడిగింది. ఆనాటి నుంచి ఆ సామెతను మునుపటిలా నవ్వుతూ అనలేకపోతున్నాను.

ఆ అమ్మాయి చిన్నప్పుడు నా దగ్గర ట్యూషన్ చదువుకుంది. ఇప్పుడు హైదరాబాదులో డిగ్రీ చదువుతోంది. ఇల్లు జహీరాబాదు. చదువులో భాగంగా రెండు నెలలు ఏదో ఒక సంస్థలో ఇంటర్న్‌షిప్ చేయాలి. అంటే పనిలో చేరి, పని నేర్చుకుని, యజమాని చేత సర్టిఫికేటు రాయించుకుని రావాలి. ఆమె ఎంచుకున్నది పబ్లిక్ రిలేషన్స్. తోటివారు నగరంలో పెద్ద కంపెనీల చుట్టూ తిరుగుతుంటే, హాస్టలు ఖర్చు కలిసివస్తుందని ఈమె సొంత ఊళ్ళోనే ఒక చిన్న వ్యాపారంలో చేరింది. జొన్న రవ్వ, సజ్జ పిండి, కొర్ర బిస్కెట్లు, తైదల మురుకులు తయారుచేసి అమ్మే చోటు అది. ఒక రేకుల షెడ్డు, ఒక పిండి మర, ప్యాకెట్లు అతికించే యంత్రం ఒకటి, పనిచేసే ఆడవాళ్ళు ఆరుగురు, యజమాని, ఆయన భార్య. అంతే సంస్థ.

పెద్ద కంపెనీలో పబ్లిక్ రిలేషన్స్‌కు ఒక విభాగం, ఒక మేనేజరు, ఒక ఏసీ గది ఉంటాయి. ఇక్కడ ఆ విభాగమంతా ఈ అమ్మాయే. ప్యాకెట్టు వెనక రాసే నాలుగు వాక్యాలు ఆమెవే. వాట్సాప్‌లో పంపే సందేశం, ఎగ్జిబిషన్‌లో పంచే కరపత్రం, విలేకరులకిచ్చే నోటు కూడా ఆమెవే. పిండిలో పురుగు వచ్చిందని కోపంగా ఫోను చేసిన కొనుగోలుదారుకు "క్షమించండమ్మా, కొత్త ప్యాకెట్టు పంపిస్తాం" అని చెప్పవలసిందీ ఆమే. నెల రోజులు ఆమెకు ఈ పని ఎంతో నచ్చింది. తను రాసిన మాటను బస్టాండు దగ్గర ఎవరో నిలబడి చదువుతుంటే చూసి మురిసిపోయిందట.

రెండో నెలలో యజమాని కొత్త కరపత్రం రాయమన్నాడు. అందులో రెండు వాక్యాలు తప్పకుండా ఉండాలన్నాడు. ఈ పిండి నలభై రోజులు తింటే షుగరు జబ్బు తగ్గిపోతుందనేది మొదటిది. ఈ ధాన్యమంతా జహీరాబాదు పల్లెల్లో ఆడవాళ్ళు మందులు లేకుండా పండించినదనేది రెండోది. మొదటిది నిజం కాదని అమ్మాయికి తెలుసు. రెండోది సగమే నిజమనీ తెలుసు. ఆ ఏడు వానలు సరిగా పడక, సగం బస్తాలు మార్కెట్టులో కొన్నారు. ఆ బస్తాలను లారీలోంచి దించుతుంటే లెక్క రాసుకున్నది ఆమే.

"సార్, ఇది నిజం కాదు కదా" అంటే, యజమాని కోప్పడలేదట. "బిడ్డా, ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎవరు కొంటరు? పెద్ద కంపెనీలోళ్ళు సినిమా యాక్టర్లను పెట్టి ఏమేమి చెప్పుకుంటలేరు? మనం రెండు మాటలు చెప్పుకుంటే తప్పా?" అన్నాడట. ఇంటికి వెళ్ళి నాన్నకు చెబితే, "సర్టిఫికేటు చేతికొచ్చేదాకా ఊరుకోరాదు బిడ్డా, నీ పేరు అందులో ఉంటదా ఏంది?" అన్నాడట.

ఆమె నన్ను అడిగింది ఇది: "సార్, మాట ఆయనది, సరుకు ఆయనది, లాభం ఆయనది. నేను రాసిపెట్టేదాన్నే. అబద్ధం ఎవరిదవుతుంది?"

ప్రియ పాఠకులారా, ఇది చిన్న పిల్ల అడిగిన చిన్న ప్రశ్న కాదు. నేడు మన విచారణల్లో ఎంతోమంది బిడ్డలు ఇలాంటి పనుల్లో చేరుతున్నారు. వారి జీవితంలో మొదటిసారి జీతం కోసమో, సర్టిఫికేటు కోసమో మరొకరి మాట తమ చేత్తో రాయవలసి వచ్చేది ఇక్కడే. అందుకే ఈ వారం దీని గురించి కాస్త తీరికగా ఆలోచిద్దాం.

ముందు యజమాని పక్షాన నిలబడి చూద్దాం. ఆయన దొంగ కాదు. బ్యాంకు అప్పు మీద మర కొన్నాడు. ఆరు కుటుంబాలకు పని ఇస్తున్నాడు. చిరుధాన్యాల పేరు ఈ రోజుల్లో బాగా వినిపిస్తోంది. 2023ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది కూడా. కాని పేరు పెరిగేసరికి పెద్ద సంస్థలు రంగంలోకి దిగాయి. వారి ప్రకటనల ఖర్చులో నూరో వంతు కూడా ఈయన దగ్గర లేదు. ఉన్నదల్లా మాట ఒక్కటే. ఆ మాట గట్టిగా చెప్పకపోతే షెడ్డు మూతపడుతుంది, ఆరుగురు ఆడవాళ్ళు మళ్ళీ కూలికి వెళతారు. ఈ భయం నిజమైనదే. దీన్ని తేలికగా తీసిపారేసి అమ్మాయికి నీతి చెప్పడం నాకు న్యాయమనిపించలేదు.

సరుకును మెచ్చుకోవడం కూడా తప్పు కాదు. కూరలమ్మే అవ్వ "లేత బెండకాయలమ్మా" అని కేకవేస్తుంది గాని, గంపలో నాలుగు ముదురువి ఉన్నాయని కేకవేయదు. దాన్ని ఎవరూ మోసం అనరు. కొనేవారు చేత్తో విరిచి చూసుకోగలరు. మంచిని ఎంచి చెప్పడం వేరు, లేనిది ఉందనడం వేరు. పబ్లిక్ రిలేషన్స్ అనే పనే అబద్ధమని తీర్పు చెప్పడానికి లేదు. ఈ గీత ఎక్కడ దాటుతున్నామో చూసుకోవాలి.

ఆ గీత ఎక్కడుందో మన సామెతే చూపిస్తుంది. పబ్లిక్ రిలేషన్స్‌ను తెలుగులో పౌర సంబంధాలు అంటున్నాం. ప్రభుత్వంలో ఆ పేరుతో ఒక శాఖే ఉంది. సంబంధం అనే మాట మనకు మొదట పెళ్ళినే గుర్తుచేస్తుంది. ఇద్దరు తెలియనివారిని ఒక మాట మీద కలపడమే సంబంధం కుదర్చడం. ఇప్పుడు ఆలోచించండి. వెయ్యి అబద్ధాలాడి పెళ్ళి కుదిర్చిన మధ్యవర్తి తాంబూలం పుచ్చుకుని, భోజనం చేసి వెళ్ళిపోతాడు. ఆ వెయ్యి అబద్ధాలతో కాపురం చేయవలసింది ఎవరు? ఆ పిల్ల. సామెత చెప్పేవారు పందిట్లో ఉంటారు, ఆ పిల్ల ఎక్కడో అత్తవారింట్లో ఉంటుంది. అందుకే మనం నవ్వగలుగుతున్నాం.

కరపత్రంలోని మాటతో కాపురం చేసేది ఎవరు? నేను ఆ అమ్మాయిని ఇదే అడిగాను. "ఆ కాగితం చదివేది ఎవరమ్మా?" కాసేపు ఆలోచించి, "మా నాయనమ్మలాంటోళ్ళు సార్" అంది. వాళ్ళ నాయనమ్మకు పన్నెండేళ్ళుగా షుగరు. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. మాత్రలంటే ఆవిడకు విసుగు. నలభై రోజుల్లో తగ్గుతుందని అచ్చు కాగితం మీద చదివితే ఆవిడ మొదట చేసే పని మాత్రలు పక్కన పెట్టడమే. జొన్న, కొర్ర మంచి ఆహారం. పాలిష్ పట్టిన బియ్యం కంటే వాటిలో పీచు ఎక్కువ. కాని అవీ ధాన్యాలే, వాటిలోనూ పిండి పదార్థం ఉంది. డాక్టరు ఇచ్చిన మందుకు అవి బదులు కావు. అచ్చులో పడిన ఆ ఒక్క వాక్యం ఎవరి కంటిచూపునో, కాలినో తీయవచ్చు. గంపలోని బెండకాయను విరిచి చూసినట్టు ఈ వాక్యాన్ని ఆ ముసలమ్మ విరిచి చూడలేదు. నమ్మడం తప్ప ఆమెకు వేరే దారి లేదు.

దీనికి చట్టం కూడా ఉంది. తప్పుదారి పట్టించే ఆహార ప్రకటనకు 2006 నాటి ఆహార భద్రత చట్టం 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చునంటుంది. ఆహారం జబ్బును నయం చేస్తుందని చెప్పుకోవడాన్ని 2018లో వచ్చిన నిబంధనలు నిషేధించాయి. కాని చిన్న షెడ్డు దాకా ఇన్‌స్పెక్టరు రాకపోవచ్చు. ఎవరూ పట్టుకోని చోట కూడా ఆ వాక్యం రాయకూడదా అన్నదే మన ప్రశ్న.

ఇక రెండో వాక్యం, సగం నిజం. ఇది ఎవరి ఆరోగ్యాన్నీ చెరపదు. అయితే ఎవరికి నష్టం? ఇందుకు జహీరాబాదు దాటి పోనక్కరలేదు. దగ్గరలోనే ఉన్న పస్తాపూరు కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. ఆ సంఘాల్లోని స్త్రీలు, ఎక్కువమంది దళితులు, బీడు పడిన చెలకలను బాగుచేసి జొన్న, సజ్జ, కొర్ర, సామలను కలిపి పండించారు. విత్తనాలు బూడిద కలిపి బుట్టల్లో దాచారు. ఏటా ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాల బుట్టలు పెట్టుకుని ఊరూరా పాత పంటల జాతర తీశారు. 2008 అక్టోబరు 15న మాచునూరులో వారి సంఘం రేడియో మొదలైంది. బడి చదువు పెద్దగా లేని ఆడవాళ్ళు తామే మైకు ముందు కూర్చుని, తమ సేద్యం గురించి తమ మాటల్లో చెప్పుకున్నారు. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ సంఘాలకు వచ్చింది.

జహీరాబాదు చిరుధాన్యాలకు ఒక పేరు ఉందంటే అందులో వారి చెమట ఉంది. మార్కెట్టు బస్తా మీద వారి కష్టాన్ని రాస్తే, కొనేవారికి ఏది అసలో ఏది కాదో తెలియకుండా పోతుంది. ఒకనాటికి ఎవరి మాటనూ నమ్మరు. అప్పుడు నిజంగా మందులు లేకుండా పండించిన ఆవిడ గింజకు కూడా ధర రాదు. సగం నిజం దొంగిలించేది కొనేవాడి డబ్బు మాత్రమే కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పుకునేవారి పేరును కూడా.

ఆ స్త్రీల నుంచి ఈ అమ్మాయి నేర్చుకోదగినది మరొకటి ఉంది. వారిలో కొందరు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పుడు, విత్తన కంపెనీల ప్రకటనలు ఊళ్ళను ముంచెత్తాయి. ఈ ఆడవాళ్ళు కెమెరా తీసుకుని వరంగల్ జిల్లాకు వెళ్ళారు. ఒక్కరోజు చూసి రాలేదు. పంట కాలమంతా అవే రైతుల దగ్గరకు మళ్ళీ మళ్ళీ వెళ్ళి, చేనులో ఏమవుతోందో చిత్రించి, 2003లో ఒక సినిమాగా చూపించారు. బీటీ పత్తి మంచిదా కాదా అన్న వాదం నేటికీ తెగలేదు, ఆ వాదం మనకు ఇక్కడ అక్కరలేదు. ఆ ఆడవాళ్ళకూ ఒక పక్షం ఉంది, దాన్ని వారు దాచుకోలేదు. కాని మాట చెప్పేముందు చేనుకు వెళ్ళి చూశారు. పక్షం ఉండటం తప్పు కాదని, చూడకుండా చెప్పడమే తప్పని నాకు వారిని చూస్తే అనిపిస్తుంది.

చూడకుండా చెప్పినవారి కథ కూడా ఒకటి ఉంది. అమెరికాలో పబ్లిక్ రిలేషన్స్ వృత్తికి మూలపురుషుల్లో ఒకడుగా చెప్పుకునే ఐవీ లీ 1906లో పత్రికలకు ఒక ప్రకటన పంపాడు. తన పని బాహాటంగా చేస్తానని, ఇచ్చే సమాచారం సరైనదై ఉంటుందని మాట ఇచ్చాడు. ఎనిమిదేళ్ళు గడిచాయి. 1914లో కొలరాడో రాష్ట్రంలోని లడ్‌లోలో సమ్మె చేస్తున్న బొగ్గుగని కార్మికుల గుడారాల మీద దాడి జరిగి, స్త్రీలు, పిల్లలతో సహా సుమారు 20 మంది చనిపోయారు. గని యజమానులు రాక్‌ఫెల్లర్ కుటుంబం. వారి పక్షాన కరపత్రాలు రాసింది ఐవీ లీ. సమ్మె నాయకుల రాబడిని ఎన్నో రెట్లు పెంచి చూపిన తప్పుడు అంకెలు వాటిలో ఉన్నాయి. తరువాత విచారణ సంఘం ముందు నిలబెట్టి, ఈ సంగతులు నిజమో కాదో నువ్వు చూసుకున్నావా అని అడిగితే, చూసుకోలేదని, కంపెనీవారు ఇచ్చినవే రాశానని ఒప్పుకున్నాడు.

"వాళ్ళిచ్చింది రాశాను." మన అమ్మాయి నాన్న చెప్పిన మాట కూడా ఇదే. ఐవీ లీ ఎక్కడో కూర్చుని, దూరాన ఉన్న గనుల గురించి రాశాడు. తెలియదని చెప్పుకోవడానికి అతనికి అంత దూరమైనా ఉంది. ఈ అమ్మాయికి ఆ దూరం లేదు. బస్తాలు దించింది కళ్ళముందే. చిన్న వ్యాపారంలో పనిచేయడంలో ఉన్న గొప్పతనం ఇదే, కష్టమూ ఇదే. అక్కడ అన్నీ కనిపిస్తాయి. కనిపించిన తర్వాత కాగితం మీద పేరు లేదనడం చెల్లదు. పేరు లేకపోయినా చెయ్యి ఆమెదే.

మన పునీతుల్లో కూడా ఒకరు ఈ ఉద్యోగం చేశారంటే ఆశ్చర్యపోతారు. పునీత అగుస్తీను గురుపట్టానికి ముందు మాటల పండితుడు. 384లో మిలాను నగరంలో వక్తృత్వం నేర్పే కొలువులో చేరాడు. చక్రవర్తిని పొగుడుతూ సభలో ప్రసంగాలు చేయడం ఆ కొలువులో భాగం. చెప్పబోయేవి అబద్ధాలని తనకు తెలుసు, అబద్ధాలని తెలిసినవారే చప్పట్లు కొడతారనీ తెలుసు. అలాంటి ఒక ప్రసంగానికి సిద్ధమవుతూ వీధిలో పోతుంటే, తాగి హాయిగా నవ్వుకుంటున్న ఒక బిచ్చగాడు కనిపించాడు. తనకు లేని సంతోషం వాడికి ఉందనిపించి, ఆ రోజు పడిన సిగ్గును తరువాత తన ఆత్మకథలో రాసుకున్నాడు. రెండేళ్ళకు ఆ కొలువు వదిలేశాడు. తరువాతి రోజుల్లో అబద్ధం గురించి ఒక పుస్తకమే రాసి, అబద్ధాలను ఎనిమిది రకాలుగా విడదీసి, మేలు కోరి ఆడినదైనా అబద్ధం తగదని తేల్చాడు. ఆ తీర్పు మరీ కఠినమని అన్నవారూ ఉన్నారు. కాని అది మాటలు అమ్ముకుని బతికినవాడు, ఆ సిగ్గును రుచి చూసినవాడు ఇచ్చిన తీర్పు.

1997లో శ్రీసభ ప్రకటనల నీతిపై వెలువరించిన పత్రం కూడా ప్రకటనలు చెడ్డవనలేదు. సత్యం ఉండాలి, మనిషి గౌరవం చెడకూడదు, సమాజం పట్ల బాధ్యత ఉండాలి అని మూడు నియమాలు పెట్టింది.

ఇంతకూ ఆ అమ్మాయికి నేనేం చెప్పాను? పని మానేయమని చెప్పలేదు. సర్టిఫికేటు వదులుకోమని చెప్పే హక్కు, ఆమె ఫీజు కట్టని నాకు ఎక్కడిది? "ఊరికే కుదరదని చెప్పి రాకు. వేరే కాగితం రాసి తీసుకెళ్ళు. నీ కళ్ళతో చూసినదే రాయి. చూసిన దాంట్లో మంచి తక్కువేమీ లేదు కదా" అన్నాను. నిజమే, ఎంతో ఉంది. పిండి ఏ రోజుకారోజు పడతారు. రంగు కలపరు. ఆరుగురి చేతులు శుభ్రంగా ఉంటాయి. పురుగు వచ్చిందంటే మారు మాట్లాడకుండా ప్యాకెట్టు మారుస్తారు. కొర్రలు ఎంతసేపు నానబెట్టాలో, ఎన్ని నీళ్ళు పోయాలో అందులో పనిచేసే ఆడవాళ్ళకు తెలిసినట్టు నగరంలో ఎవరికీ తెలియదు. ఇవన్నీ రాయదగినవే.

ఆమె అలాగే రాసింది. నాయనమ్మ మాత్రల సంగతి యజమానికి చెప్పింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదట. ఆయన తల్లికీ షుగరేనట. చివరికి, "సరే బిడ్డా, అది తీసెయ్యి" అన్నాడు. రెండో వాక్యం దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. "కొంత జహీరాబాదు రైతుల నుంచి, కొంత మార్కెట్టు నుంచి" అని ఆమె రాసిన మాటను కొట్టేసి, తన వాక్యం తానే రాసుకున్నాడు. అదే అచ్చయింది. సర్టిఫికేటు ఇచ్చాడు. మంచి మాటలే రాశాడు.

"సగమే గెలిచాను సార్" అంది ఆమె, సర్టిఫికేటు చూపిస్తూ. నిజం చెబితే వ్యాపారం పెరుగుతుందని నేను ఆమెకు మాట ఇవ్వలేదు. ఇవ్వలేను కూడా. పెరగవచ్చు, పెరగకపోవచ్చు. ఆమె మొదట అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు దొరికిందనుకుంటాను. రెండో వాక్యం ఇప్పుడు ఆయనది, పూర్తిగా ఆయనది. ఇక మాత్రలు పక్కన పెట్టబోయిన ఎవరో ఒక ముసలమ్మ, ఏ ఊళ్ళోనో, తనకు తెలియకుండానే మాత్రలు మానకుండా ఉంది. ఆమె ఎప్పటికీ ఈ అమ్మాయికి కృతజ్ఞత చెప్పదు. చాలా మంచి పనులు ఇలాగే ఉంటాయి.

తల్లిదండ్రులారా, మన పిల్లలు పని నేర్చుకోవడానికి వెళ్ళి సాయంత్రం ఇంటికి వస్తారు. ఎంత ఇస్తామన్నారు, సర్టిఫికేటు ఎప్పుడు ఇస్తారు అని అడుగుతాం. అడగాలి కూడా, ఫీజులు కట్టేవాళ్ళం. వాటితోపాటు అన్నం పెడుతూ ఇంకొక్క మాట అడగండి: "ఈ రోజు నీ చేత ఏం రాయించారు బిడ్డా?" చెబితే వినండి. విన్న వెంటనే "ఊరుకో" అనకండి. ఎనిమిదో ఆజ్ఞను బడిలో కంఠతా పెట్టించాం. దాన్ని పాటించడానికి ఎంత ధైర్యం కావాలో వాళ్ళు తెలుసుకునేది ఆ మొదటి కొలువులోనే. ఆ వేళ ఇంట్లో ఒక్కరైనా తన పక్కన ఉన్నారని బిడ్డకు తెలియాలి.